ఫోను ఎక్కడ పడుకుంటోంది?

రాత్రి ఎనిమిదిన్నర. ఇంటర్ రెండో ఏడాది చదివే అబ్బాయి ముందు ఫిజిక్స్ పుస్తకం. పుస్తకం మీద పెన్ను. పెన్ను పక్కన... ఫోను.

‘ఒరేయ్, ఆ ఫోను పక్కన పెట్టి చదవరా’ అంటుంది వంటింట్లోంచి అమ్మ. ‘పక్కనే పెట్టానమ్మా’ అంటాడు వాడు. అబద్ధం కాదు. నిజంగానే పక్కన పెట్టాడు, జానెడు దూరంలో. కాసేపటికి నాన్న గదిలోకి తొంగి చూస్తే తెర వెలుగుతూ ఉంటుంది. ‘డౌట్ చూసుకుంటున్నా నాన్నా!’ అదీ అబద్ధం కాదు. డౌటుతోనే మొదలైంది... నలభై నిమిషాల కిందట.

పరీక్షల కాలం వచ్చిందంటే చాలు, చాలా ఇళ్లలో గొడవలన్నీ ఈ జానెడు దూరం చుట్టూనే. ‘ఫోను వల్లే మార్కులు పోయాయి’ అంటారు పెద్దలు. ‘ఫోను లేకపోతే క్లాసు సంగతులెలా తెలుస్తాయి’ అంటారు పిల్లలు. ఇద్దరి మాటా నిజమే. అందుకే ఈ తగువు ఓ పట్టాన తెగదు.

అసలీ ఫోను పిల్లల చేతికి ఎలా వచ్చిందో ఓసారి గుర్తుచేసుకోవాలి. ‘పదో తరగతి అయ్యేదాకా ఫోను ముట్టుకోనిచ్చేది లేదు’ అని పట్టుబట్టిన అమ్మానాన్నలు 2020 వరకూ చాలామందే ఉండేవారు. ఆ మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. బడి మూతపడింది, ఫోనే బడి అయింది. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠాలు ప్రసారం చేశారు. టీవీలో పాఠం విన్నా హోంవర్కు వాట్సప్‌లో వచ్చేది. పిల్లల చదువు ఆగిపోతుందేమోనని అప్పుచేసి ఫోను కొన్నవారూ ఉన్నారు. గ్రామాల్లో చదువుల తీరుతెన్నుల్ని గమనించే ‘అసర్’ సర్వే లెక్కల ప్రకారం, 2018లో బడిపిల్లలున్న ఇళ్లలో మూడోవంతుకి కాస్త పైగా స్మార్ట్‌ఫోను ఉండేది. 2021 నాటికి అది మూడింట రెండొంతుల ఇళ్లకి చేరింది. తర్వాత బళ్లు తెరిచారు. ఫోను మాత్రం అల్మరాలోకి వెళ్లలేదు.

అదే సర్వే 2024లో పద్నాలుగు నుంచి పదహారేళ్ల పిల్లల్ని మరో ప్రశ్న అడిగింది: గడిచిన వారంలో ఫోను దేనికి వాడారు అని. ఫోను వాడటం తెలిసినవారిలో చదువుకోసం వాడామన్నవారు 57 శాతం. సామాజిక మాధ్యమాల కోసం వాడామన్నవారు 76 శాతం. ఆ రెండూ కలిపితే వంద దాటిపోతుందంటే, చాలామంది రెండిటికీ వాడుతున్నారన్నమాట. చిక్కంతా అక్కడే ఉంది. పాఠం చెప్పే మాస్టారూ, పిలిచే స్నేహితుడూ, క్రికెట్ స్కోరూ, కొత్త సినిమా ట్రైలరూ... అన్నీ ఒకే గాజుపలక వెనకాల కూర్చున్నాయి. ఒకరికోసం తలుపు తీస్తే నలుగురూ వస్తారు.

పాలు కాగనివ్వని పొయ్యి

పెద్దవాళ్లు సాధారణంగా గంటలు లెక్కపెడతారు. ‘రోజుకి నాలుగు గంటలు ఫోనే’ అంటారు. పిల్లలు వెంటనే తమ లెక్క తీస్తారు... ‘అందులో రెండు గంటలు క్లాసులే కదా’ అని. ఈ వాదనలో గెలిచేది ఎప్పుడూ పిల్లలే. ఎందుకంటే నష్టం గంటల్లో కాదు, ముక్కల్లో ఉంది.

కాలిఫోర్నియాలో లారీ రోజెన్ అనే మానసికశాస్త్ర ఆచార్యుడి బృందం ఓ చిన్న పని చేసింది. హైస్కూలు వయసు వారి నుంచి విశ్వవిద్యాలయ విద్యార్థుల దాకా 263 మందిని, వాళ్లు రోజూ చదువుకునే చోటే పదిహేను నిమిషాలపాటు గమనించింది. 2013లో ఆ ఫలితాలు ప్రచురించారు. పక్కన కూర్చుని ఒకరు చూస్తున్నారని తెలిసి కూడా, సగటున ఆరు నిమిషాలైనా నిండకముందే వాళ్ల చూపు పుస్తకం మీంచి మరోదానిమీదికి మళ్లింది. ఎక్కువసార్లు ఫోనో కంప్యూటరో అందుకు కారణం. ఎవరూ చూడకపోతే ఆ ఆరు నిమిషాలైనా నిలిచేవా అన్నది వేరే సంగతి.

ఆరు నిమిషాలకోసారి ఫోను చూస్తే ఏమవుతుంది, ఓ పది సెకన్లేగా... అనిపిస్తుంది. గిన్నెలో పాలు పోసి పొయ్యిమీద పెట్టి, కాగేలోపు పదిసార్లు స్టవ్ కట్టేసి మళ్లీ వెలిగిస్తే ఎలా ఉంటుంది? గ్యాసు ఖర్చవుతూనే ఉంటుంది, పాలు మాత్రం పొంగవు. ఇంటిగ్రేషన్ లెక్కలో మూడో మెట్టు మీద ఉన్నవాడు మొదటి రెండు మెట్లనీ మనసులో పట్టుకుని ఉంటాడు. ఆ పట్టు చాలా సున్నితమైంది. ఓ సందేశం చదివి తిరిగొచ్చేసరికి అది జారిపోతుంది. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. అలా నాలుగుసార్లు ఎక్కిదిగినవాడు ‘మూడు గంటలు కూర్చున్నా ఒక్క ఛాప్టరూ అవలేదు’ అని వాపోతే, వాడు బద్ధకించాడని కాదు. నిజంగానే మూడు గంటలూ కష్టపడ్డాడు... మెట్లు ఎక్కడానికి.

పెద్దలకీ ఇందులో మినహాయింపేం లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గ్లోరియా మార్క్ ఆఫీసు ఉద్యోగుల్ని గమనించినప్పుడు, మధ్యలో ఆగిపోయిన పనిని మళ్లీ చేపట్టడానికి సగటున 23 నిమిషాలు పట్టింది. అంతసేపు వాళ్లు ఖాళీగా కూర్చున్నారని కాదు. మధ్యలో ఇంకో రెండు పనులు చుట్టబెట్టి, ఆ తర్వాత మొదటిదాని దగ్గరికి వచ్చారు. జీతం తీసుకుని పనిచేసే పెద్దవాళ్ల తీరే అలా ఉంటే, పదహారేళ్ల పిల్లవాడికి ‘ఆమాత్రం నిగ్రహం లేదా’ అని క్లాసు పీకడం ఏం న్యాయం!

మరి ఫోను సైలెంట్‌లో పెట్టి, బోర్లించి పెడితే? అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆడ్రియన్ వార్డ్, సహచరులు ఇదే పరీక్షించారు. కొందరు విద్యార్థులు ఫోన్లని బల్లమీద బోర్లించారు, కొందరు జేబులోనో సంచిలోనో పెట్టుకున్నారు, మిగతావాళ్లు పక్కగదిలో వదిలొచ్చారు. ఆలోచనకు సంబంధించిన పరీక్షల్లో పక్కగదిలో వదిలినవాళ్లు బాగా చేశారని, బల్లమీద పెట్టుకున్నవాళ్లు వెనకబడ్డారని 2017లో వాళ్లు రాశారు. మోగకపోయినా, వెలగకపోయినా సరే... కళ్లెదుట ఉంటే చాలు, దాన్ని ముట్టుకోకుండా ఉండటానికే మనసు కొంత ఖర్చవుతుందన్నది వాళ్ల వాదన. అయితే తర్వాత ఇదే ప్రయోగం చేసిన అందరికీ ఇదే ఫలితం రాలేదు. కాబట్టి దీన్ని వేదవాక్కులా తీసుకోనక్కర్లేదు. కాకపోతే, ఫోను పక్కగదిలో పెట్టి చూడటానికి రూపాయి ఖర్చు లేదు కదా!

పక్కింటి అమ్మాయికి ర్యాంకొచ్చింది మరి?

ఫలితాలొచ్చిన మర్నాడు పేపర్లో ర్యాంకర్ల మాటలు వస్తాయి. ‘రెండేళ్లు ఫోను ముట్టుకోలేదు’ అంటారు ఒకరు. ‘యూట్యూబ్‌లో పాఠాలు విన్నాను’ అంటారు మరొకరు. మొదటిది నాన్నలు చదివి వినిపిస్తారు, రెండోది పిల్లలు. ‘పక్కింటి అక్కకీ ఫోనుంది, ర్యాంకు రాలేదా?’ అన్న ప్రశ్నకి చాలా ఇళ్లలో జవాబుండదు.

దానికో జవాబు ఇంగ్లండు నుంచి వచ్చింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ 2015లో వెలువరించిన ఓ అధ్యయనంలో లూయీ ఫిలిప్ బెలాండ్, రిచర్డ్ మర్ఫీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లండన్, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, లీసెస్టర్ నగరాల్లో 91 బడుల్ని పరిశీలించారు. ఫోన్లు నిషేధించిన తర్వాత పదహారేళ్ల పిల్లల పరీక్ష ఫలితాలు మెరుగయ్యాయి. ఆ మెరుగుదల పెద్దదేం కాదు, సగటున ఏడాదికి మరో అయిదు రోజులు బడికెళ్లినంత. అసలు విశేషం ఆ సగటు వెనకాల ఉంది. బాగా చదివే పిల్లలకి నిషేధం వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. వెనకబడ్డ పిల్లలకి మాత్రం సగటుకి రెట్టింపు లాభం కనిపించింది.

అంటే, పక్కింటి అక్క చేతిలో ఫోను ఉన్నా ఆమె చదువు ఆగదు. ఆమెకి పాఠం అర్థమవుతోంది. లెక్క వస్తోంది. పుస్తకంలోనే కాస్త ఆనందం దొరుకుతోంది. లెక్క రాని పిల్లవాడి సంగతి అలా కాదు. ఎదురుగా అర్థంకాని పేజీ... పక్కన ఎప్పుడూ విసిగించని ఫోను. వాడి చెయ్యి ఎటు పోతుంది? ఫోను వల్ల వాడు చదువులో వెనకబడ్డాడా, వెనకబడ్డాడు కాబట్టి ఫోను పట్టుకున్నాడా అన్నది కోడి ముందా గుడ్డు ముందా లాంటి ప్రశ్నే. చాలాచోట్ల రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి. అలాంటి పిల్లవాడి దగ్గర్నుంచి ఫోను లాక్కుని, అర్థంకాని పేజీని మాత్రం వాడికే వదిలేస్తే మార్కులెలా వస్తాయి? ఫోనుతోపాటు ఆ పేజీ సంగతి కూడా ఎవరో ఒకరు చూడాలి.

నిషేధాల గురించి ఇంకోమాట. ఫ్రాన్స్ 2018లోనే పదిహేనేళ్లలోపు పిల్లలకి బడుల్లో ఫోన్లు వద్దని చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఆగస్టులో విద్యార్థులు బడికి సెల్‌ఫోన్లు తేకూడదని ఉత్తర్వులు వచ్చాయి. అంతకు కొద్దినెలల ముందే, 2022 డిసెంబరులో, ఎనిమిదో తరగతి పిల్లలకి ప్రభుత్వమే పాఠాలు ఎక్కించిన ట్యాబులు పంచింది. ఇదేం విడ్డూరం అనుకోనక్కర్లేదు. పాఠానికే పరిమితమైన తెర వేరు, ప్రపంచమంతా తోసుకొచ్చే తెర వేరు.

అయితే ఇంగ్లండులోలాంటి మేలు అన్నిచోట్లా కనిపించలేదు. స్వీడన్‌లో ఇలాంటి అధ్యయనమే చేస్తే మార్కుల్లో తేడా రాలేదు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు 30 బడుల్ని పోల్చి 2025లో చెప్పింది ఇంకా ఆలోచించాల్సిన సంగతి. బడిలో ఫోను నిషేధించినా పిల్లలు మొత్తంమీద ఫోనుతో గడిపే సమయం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. బడిలో ఆగింది ఇంట్లో సాగుతోంది. అంటే బంతి తిరిగి ఇంటి ముంగిట్లోకే వచ్చిందన్నమాట.

మన దగ్గర దీనికి ఓ అడ్డదారి కనిపెట్టారు... రెసిడెన్షియల్ కాలేజీ. రెండేళ్లు హాస్టల్లో పడేస్తే ఫోను బాధ ఉండదని చాలామంది నమ్మకం. ఇంటికి మాట్లాడాలన్నా వార్డెన్ దగ్గరికెళ్లాల్సిందే. ఇంటర్ గట్టెక్కుతుంది. ఇంజినీరింగ్‌లో చేరే రోజున బహుమతిగా కొత్త ఫోను చేతికొస్తుంది, దానితోపాటు రోజుకింత డేటా. ఫోనున్న గదిలో చదువుకోవడమెలాగో వాడికి ఒక్కరోజూ అలవాటు లేదు. మొదటి సెమిస్టర్‌లో బ్యాక్‌లాగ్‌లు వచ్చాక ‘మావాడు ఇంటర్‌లో అంత బాగా చదివాడే’ అని ఆశ్చర్యపోతారు. ఈతరాకుండా రెండేళ్లు గట్టుమీద కూర్చోబెట్టి, ఆపైన ఏకంగా గోదాట్లోకి తోస్తే మునగక ఏం చేస్తాడు!

దుప్పటి కింద వెలుగు

పగటి సంగతి ఒక ఎత్తు. రాత్రి సంగతి మరో ఎత్తు.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి రోజుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలంటుంది అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్. పగలు చదివింది బుర్రలో కుదురుకునేది చాలావరకూ నిద్రలోనే. పదకొండింటికి పుస్తకం మూసి, ఒంటిగంటకి ఫోను ఆపి, ఆరింటికి ట్యూషన్‌కి లేచే పిల్లవాడికి దక్కేది అయిదు గంటలు. క్లాసులో కళ్లు మూతలు పడుతుంటాయి. విన్న పాఠం ఎక్కదు, సాయంత్రం మళ్లీ వీడియో చూడాల్సొస్తుంది. దానికోసం మళ్లీ ఫోను...

తెర వెలుగు కళ్లమీద పడితే నిద్రకి సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోను ఆలస్యమవుతుంది. 2014లో బోస్టన్‌లోని ఓ ఆసుపత్రిలో, పడుకునేముందు కాగితం పుస్తకం చదివినవాళ్లనీ, వెలిగే తెరమీద చదివినవాళ్లనీ పోల్చి చూస్తే రెండోవాళ్లకి నిద్రపట్టడం ఆలస్యమైంది, మర్నాడు మత్తూ వదల్లేదు. అందులో పాల్గొన్నది పన్నెండుమందే. కానీ వెలుగుకంటే పెద్ద తంటా మరోటుంది. తెరకి అంతమంటూ లేకపోవడం. పుస్తకంలో పాఠం అయిపోతుంది. టీవీ సీరియల్ ఎంత సాగదీసినా ‘సశేషం’ అని ఆగుతుంది. ఫోనులో మాత్రం వేలు జరిపేకొద్దీ కిందనుంచి వస్తూనే ఉంటుంది. ఈ అంతులేని తెరకి 2006లో రూపమిచ్చిన ఏజా రాస్కిన్ అనే ఇంజినీరే తర్వాత్తర్వాత అందుకు బాధపడ్డాడు. ‘ఈ ఒక్కటి చూసి పడుకుంటా’ అనే పిల్లవాడు బుకాయించట్లేదు. ఆ ఒక్కటీ ఎక్కడ అయిపోతుందో వాడికి తెలీదంతే.

అమ్మాయి చేతిలో ఫోను

ఈ గొడవలో అమ్మాయిల సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అసర్ 2023 సర్వేలో పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వయసువారిలో ఫోను వాడటం తెలిసిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోనుంది. అమ్మాయిల్లో 19.8 శాతం మందికే. అబ్బాయికి మార్కులు తగ్గితే ఫోను రెండురోజులు దాస్తారు. అమ్మాయికి తగ్గితే ‘ఎవరితో మాట్లాడుతోందో’ అని అనుమానిస్తారు, ఫోనుతోపాటు ఒక్కోసారి కోచింగూ ఆగిపోతుంది. పల్లెలో ఉండి నీట్‌కో ఎప్‌సెట్‌కో సిద్ధమవుతున్న అమ్మాయికి, దగ్గర్లో మంచి కోచింగ్ లేనప్పుడు, ఆ ఫోనులో మాస్టారు చెప్పే పాఠమే ఆధారం. నియమం ఏదైనా పెట్టొచ్చు, అన్నకీ చెల్లికీ ఒకటే అయితే చాలు.

లాక్కోవడం వల్ల జరిగే అనర్థాలూ చిన్నవి కావు. ఫోను తీసుకున్నారని పిల్లలు ఇల్లు వదిలి వెళ్లిన వార్తలు, అంతకంటే ఘోరమైన వార్తలు చదువుతూనే ఉన్నాం. పరీక్షలకి పదిరోజుల ముందు, అరుపులమధ్య, నలుగురి ఎదుటా లాక్కునే ఫోనుతో పోయేది ఫోనొక్కటే కాదు. అన్నం మానేయడం, స్నేహితుల్ని కలవకపోవడం, పరీక్షే ఎగ్గొట్టడం, ఫోను లేకపోతే వణికిపోవడందాకా వస్తే అది క్రమశిక్షణతో తేలే వ్యవహారం కాదు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఇలాంటివాళ్లకోసమే 2014 నుంచి ‘షట్’ క్లినిక్ నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కి ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఆ ఫోను పిల్లలే చేయాలనేం లేదు, అమ్మానాన్నలూ చేయొచ్చు.

గూట్లో ఓ చోటు

మిగతా ఇళ్లకి ఇంత అవసరం ఉండదు. ‘ఎంతసేపు చూస్తున్నావ్’ అని రోజూ నిలదీసే బదులు, ఫోను ఎక్కడుండాలో ఒక్కసారి తేల్చుకుంటే చాలు. హాల్లో టీవీ పక్క గూడో, ఫ్రిజ్ పైనో... ఛార్జరు అక్కడే ఉండాలి. చదువుకునే వేళా, రాత్రి పడుకునే వేళా అందరి ఫోన్ల చిరునామా అదే. ‘అలారం కోసం’ అన్న సాకు వస్తుంది. బజార్లో చిన్న టైంపీసు దొరుకుతుంది, కొనిచ్చేయండి. ‘కాలేజీ గ్రూపులో మెసేజులు’ అంటారా? ఆ గ్రూపులో అమ్మ నంబరు చేర్పించొచ్చు. ట్యూషన్ బస్సు కోసమే అయితే కీప్యాడ్ ఫోను చాలు.

డౌట్ల సంగతేంటి? చదువుతుండగా వచ్చిన ప్రతి సందేహానికీ లేచి వెళ్లక్కర్లేదు. రఫ్ బుక్ చివరి పేజీలో రాసుకుంటూ పోవాలి. గంట తర్వాత ఆ చిట్టా పట్టుకుని ఫోను దగ్గరికెళ్లి, అన్నీ ఒకేసారి చూసుకోవచ్చు. వింతేమిటంటే, గంటయ్యేసరికి అందులో సగం సందేహాలు వాటంతటవే తీరిపోయి ఉంటాయి. వీడియో పాఠం చూడాల్సొస్తే వీలైనంతవరకూ పెద్ద తెరమీద, హాల్లోనే చూడాలి. చూశాక వెంటనే ఇంకోటి పెట్టకుండా, ఏం విన్నాడో కాగితం మీద చూడకుండా రాయాలి. అమెరికా పరిశోధకులు రోడిగర్, కార్పికె 2006లో చేసిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీమళ్లీ చదివినవాళ్లకి వారం తర్వాత 42 శాతం గుర్తుంటే, ఒకసారి చదివి గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకి 56 శాతం గుర్తుంది. వీడియో చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది. తెలిసిందో లేదో తేలేది కాగితం మీదే.

ఇదంతా పరీక్షల ముందురోజు మొదలుపెట్టేది కాదు. కాలేజీ తెరిచిన జూన్‌లోనో, దసరా సెలవుల తర్వాతో అయితే మేలు. మొదటి కొన్నిరోజులు పిల్లవాడు పదినిమిషాలకోసారి మంచినీళ్లకని లేచి హాల్లోకి వస్తాడు. చూసీచూడనట్టు ఊరుకోవాలి.

ఇక నాన్న ఫోను. కెనడాలో 2013లో జరిగిన ఓ ప్రయోగంలో, క్లాసులో ముందు వరసలో కూర్చున్నవాళ్లు ల్యాప్‌టాప్‌లో వేరేవి చూస్తుంటే, వెనకనుంచి ఆ తెర కనిపించినవాళ్లకి కూడా పాఠం మీద పెట్టిన పరీక్షలో మార్కులు తగ్గాయి. వాళ్ల చేతిలో ఏమీ లేకపోయినా సరే! పిల్లవాడు బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటుంటే, సోఫాలో కూర్చుని రీల్స్ చూసి నవ్వుకునే నాన్న విషయంలోనూ అంతే. ఆఫీసు నుంచి కాల్ వస్తుందంటారా? రింగు పెద్దగా పెట్టి అదే గూట్లో ఉంచొచ్చు. మోగితే లేచి వెళ్లి మాట్లాడి రావచ్చు. ల్యాండ్‌లైన్ రోజుల్లో ఇంటిల్లిపాదీ చేసింది అదే.